బ్లూబెల్ రైల్వేకి ఒక రిటైర్డ్ ఫైర్‌మన్‌ని తీసుకెళ్తే

ముందే చెప్పేస్తున్నా, నాకు రైళ్ళ పిచ్చి లేదు. మా నాన్నకీ లేదు. రైలంటే ఆయనకి నెల జీతం, అంతే. గుంతకల్లు లోకో షెడ్డులో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ అయ్యి, మీటర్ గేజ్ మీద వైపీ, వైజీ ఇంజన్లకి ఏళ్ళ తరబడి బొగ్గు కొట్టి, తర్వాత డీజిల్‌కి మారి రిటైరైన మనిషి. అలాంటాయన ఈ వేసవిలో మా దగ్గరికి లండన్ వచ్చారు. బ్రిడ్జీలూ మ్యూజియాలూ రాజుగారి కోటా అన్నీ రెండు వారాల్లో అయిపోయాయి, ఇంకేం చూపించాలో తోచక ఒకరోజు పొద్దున్నే "నాన్నా, ఆవిరి రైలు ఎక్కుదామా" అన్నాను. పేపర్లోంచి తల ఎత్తకుండా "డబ్బులిచ్చి ఎక్కుతారా దాన్ని?" అన్నారు.

ఎక్కుతారు. బాగానే ఇస్తారు కూడా. నలుగురం పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలం, టీలూ ఐస్‌క్రీములూ కలుపుకుంటే వంద పౌండ్లు దాటింది. అంత పెట్టి వెళ్ళడం దండగా కాదా అని అడిగేవాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను. నా మాటకంటే మా నాన్న మాట ఎక్కువ నమ్మండి, ఎందుకంటే నేను చూసింది పొగ, ఆయన చూసింది దాని రంగు.

సంగతి ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్‌లో ఉన్న బ్లూబెల్ రైల్వే గురించి, మూతపడ్డ పాత లైను మీద అభిమానులే నడుపుకునే ఆవిరి రైలు ఇది. లండన్ విక్టోరియాలో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వెళ్ళే మామూలు కరెంటు రైలు ఎక్కితే ఓ గంట ప్రయాణం. అదే ఆఖరి స్టేషన్, దిగి పక్కకి నాలుగడుగులు వేస్తే బ్లూబెల్ వాళ్ళ ప్లాట్‌ఫారం. కారు అక్కర్లేదు. అక్కణ్ణుంచి దక్షిణంగా కింగ్స్‌కోట్, హార్స్టెడ్ కేన్స్ మీదుగా షెఫీల్డ్ పార్క్ దాకా 11 మైళ్ళు, అంటే మన లెక్కలో పద్దెనిమిది కిలోమీటర్ల లోపు. గంటకి పాతిక మైళ్ళు దాటకూడదని నియమం ఉంది కాబట్టి ఆ కాస్త దూరానికే ముప్పావు గంట దాకా పడుతుంది. ఒక్క జాగ్రత్త, ఇది రోజూ నడిచే బండి కాదు. ఏ రోజు ఎన్ని బళ్ళు ఉన్నాయో చూసుకుని, టికెట్ ముందే కొనుక్కుని వెళ్ళాలి. నేను మొదటిసారి ఏ తేదీ అని చూడకుండా బయల్దేరబోతే మా ఆవిడ ఆపింది.

నాకు ఇంకో భయం కూడా ఉండింది. పోయినేడు పిల్లల్ని ఇలాంటిదే ఇంకో చోటికి తీసుకెళ్ళాం, పేరు వద్దులెండి. ఆవిరి ఇంజన్ అని చెప్పి టికెట్లు అమ్మి, తీరా వెళ్ళేసరికి డీజిల్ కట్టారు. ఇదేంటని అడిగితే ఒక బోర్డు చూపించారు, అందులో చిన్న అక్షరాల్లో ఉంది. మావాడు ఆ రోజంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. మా నాన్నని తీసుకెళ్ళి అక్కడ డీజిల్ చూపిస్తే ఇక నన్ను జీవితాంతం దెప్పుతారు. ఆ టెన్షన్ ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో దిగగానే పోయింది. బండి కనపడకముందే వాసన తగిలింది. నాన్న ప్లాట్‌ఫారం మీద ఆగిపోయి, ముక్కు పైకెత్తి, రెండుసార్లు గట్టిగా పీల్చారు. ఏమీ అనలేదు. చేతిలో ఉన్న సంచి నాకిచ్చి గబగబా ముందుకెళ్ళిపోయారు.

మా బండికి కట్టింది 73082 నంబరు ఇంజన్, పేరు కేమ్‌లాట్. 1955లో డెర్బీలో చేశారు. అంటే ఇది మరీ పురాతనమేం కాదు, మా నాన్నకంటే చిన్నది. దీని కథ మాత్రం వినాలి. అరవైల్లో బ్రిటిష్ రైల్వే ఆవిరి ఇంజన్లని గుంపులు గుంపులుగా తుక్కుకి అమ్మేస్తుంటే, వేల్స్‌లో బారీ అనే ఊళ్ళో వుడ్‌హామ్ బ్రదర్స్ అనే పాత ఇనుము వ్యాపారులు దాదాపు మూడు వందలు, ఖచ్చితంగా చెప్పాలంటే 297, కొన్నారు. కానీ వాళ్ళకి వ్యాగన్లు పగలగొట్టడం తేలిక, ఇంజన్లు కష్టం. అందుకని ముందు వ్యాగన్ల పని పెట్టుకుని, ఇంజన్లని సముద్రపు గాలికి తుప్పు పట్టనిస్తూ ఏళ్ళకేళ్ళు అలా వదిలేశారు. ఆ బద్ధకం, లేదా ఆ లెక్క, ఏదైతేనేం, దానివల్ల 213 ఇంజన్లు బతికిపోయాయి. ఒక్కోదాన్నీ ఒక్కో పిచ్చోళ్ళ గుంపు చందాలు వేసుకుని కొని తెచ్చుకుంది. కేమ్‌లాట్ అలా 1979లో ఇక్కడికి చేరింది. ఇది నాన్నకి చెబితే, "మా షెడ్డు దగ్గర కూడా అట్లా ఒక బద్ధకస్తుడు ఉండుంటే బాగుండేదప్పా" అన్నారు.

పెట్టెల గురించి చెప్పాలి. పక్క తలుపులున్న పాత కంపార్ట్‌మెంట్లు, ఎదురెదురు మెత్తటి సీట్లు, పైన తాళ్ళ వల వేసిన సామాను అర. దిగాలంటే కిటికీ అద్దాన్ని కిందికి జార్చి, చెయ్యి బయటికి పెట్టి, బయటి పిడి తిప్పాలి. మా పిల్లలకి ఇదే పెద్ద వినోదం, ప్రతి స్టేషన్లోనూ మేం తీస్తాం అంటే మేం తీస్తాం అని తగువు. ఇంజన్ పక్కన మొదటి పెట్టెలోనే కూర్చోండి. వెనకెక్కడో కూర్చుంటే పచ్చటి పొలాలు చూసొచ్చినట్టు ఉంటుంది, ముందు కూర్చుంటే ఒక్కో ఊపూ నడుముకి తెలుస్తుంది. తెల్ల చొక్కా వేసుకోకండి. నేను వేసుకున్నాను. నాన్న బయల్దేరే ముందే నా చొక్కా వంక చూసి నవ్వారు, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాటగానే ఇంబర్‌హార్న్ వంతెన, ఆ తర్వాత అదే పేరున్న లోతైన కోత, అంటే పట్టాల కోసం నేలని లోతుగా తవ్విన దారి. కిటికీలోంచి చూస్తే మామూలు మట్టి గట్లే కనపడతాయి, ఎవరూ చెప్పకపోతే పట్టించుకోరు. ఇక్కడ పట్టాలు తీసేశాక మునిసిపాలిటీ వాళ్ళు ఊరి చెత్తంతా తెచ్చి ఈ కోతలో పోసి నింపేశారు. బ్లూబెల్ వాళ్ళు తమ లైను ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా పొడిగించాలంటే ఆ చెత్త కొండ మొత్తం తవ్వి తీయాలి. తీశారు. చాలావరకు రైలు వ్యాగన్లలోనే ఎత్తి పంపించారు, దానికి ఏళ్ళు పట్టింది, చివరికి 2013 మార్చిలో బళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి. హైదరాబాద్ జవహర్‌నగర్ డంప్ యార్డు చూసినవాడికి ఈ సంగతి ఇంకో రకంగా తగులుతుంది. తర్వాత 731 గజాల షార్ప్‌థార్న్ సొరంగం. పిల్లలు కేకలు, పెట్టెలో మసక లైటు, కిటికీ మూయమని మా ఆవిడ, మూసేలోపే పొగ లోపలికి. నా చొక్కా సంగతి అక్కడే తేలిపోయింది.

అసలు ఈ లైను ఎలా బతికిందో చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. 1882లో మొదలైన లైను ఇది. ఆదాయం లేదని 1955లో బ్రిటిష్ రైల్వే మూసేసింది. మాడ్జ్ బెసమర్ అని ఆ పక్క ఊళ్ళో ఒకావిడ, ఉక్కు తయారీకి కొత్త పద్ధతి కనిపెట్టిన హెన్రీ బెసమర్ మనవరాలు, ఊరుకోలేదు. ఈ లైను వేసేటప్పుడు చేసిన పాత చట్టం తీయించి చదివింది. అందులో రోజుకి నాలుగు బళ్ళు నడిపి తీరాలని రాసి ఉంది! పార్లమెంటు చట్టాన్ని పార్లమెంటే రద్దు చేయాలి, అధికారులు సొంతంగా మూయడానికి వీల్లేదు. చేసేది లేక 1956లో రైల్వే వాళ్ళు మళ్ళీ బండి నడిపారు, కానీ మూతి ముడుచుకుని. చట్టంలో పేరు లేని రెండు స్టేషన్లలో బండి ఆపేవాళ్ళు కాదు. అక్షరాలా నాలుగంటే నాలుగే బళ్ళు. జనం దానికి 'అలిగిన సర్వీసు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. చట్టం మార్పించుకుని 1958లో మళ్ళీ మూసేశారు. ఆ మరుసటేడు కొందరు కుర్రాళ్ళు, కాలేజీ వయసు వాళ్ళు, సంఘం పెట్టారు, 1960 ఆగస్టు 7న సొంతంగా రైలు నడిపారు. మామూలు వెడల్పు పట్టాల మీద జనం తమంతట తాము ఆవిరి రైలు నడిపి టికెట్లు అమ్మడం అదే మొదలు. మొదట్లో ఇంజన్ని ఇటునుంచి అటు తిప్పి కట్టే వీలు కూడా లేక బండికి ముందొకటి, వెనకొకటి ఇంజన్లు కట్టి నడిపారట. షెఫీల్డ్ పార్క్‌లో భోజనం దొరికే చోటికి ఆవిడ పేరే పెట్టారు, బెసమర్ ఆర్మ్స్ అని. ఒక పాత కాగితం చదివినందుకు హోటలుకి పేరు పెట్టించుకున్న మనిషి నాకు తెలిసి ఈవిడొక్కతే.

ఇక స్టేషన్లు. ఒక్కో స్టేషన్‌ని ఒక్కో కాలంలో ఉంచారు. షెఫీల్డ్ పార్క్ విక్టోరియా రాణి కాలం, హార్స్టెడ్ కేన్స్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందున్న ఇంగ్లండ్ సదరన్ రైల్వే (మనది కాదు) కాలం, కింగ్స్‌కోట్ యాభైల నాటి బ్రిటిష్ రైల్వే. రంగులు, బోర్డులు, గోడమీద ప్రకటనలు, లాంతర్లు, చివరికి ప్లాట్‌ఫారం మీద పేర్చిన తోలు పెట్టెలు కూడా ఆ కాలానివే. నాకు అన్నిటికంటే హార్స్టెడ్ కేన్స్ నచ్చింది. ఇంత చిన్న ఊరికి ఇన్ని ప్లాట్‌ఫారాలెందుకో, ఐదున్నాయి. ఎక్కడ చూసినా పూలకుండీలు. బెంచీ మీద కూర్చుని మా ఆవిడ కట్టిన చిత్రాన్నం డబ్బాలు తెరిచాం. పోపు వాసనా బొగ్గు వాసనా కలిస్తే ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే, గుంతకల్లు జంక్షన్లో పెరిగినవాళ్ళని అడగండి.

అక్కడే నాన్న మొదటిసారి నోరు విప్పారు. సిగ్నల్ క్యాబిన్‌లోంచి ఒకతను దిగొచ్చి డ్రైవర్ దగ్గర టోకెన్ తీసుకుని ఇంకోటి ఇచ్చాడు. ఒంటి లైను కదా, టోకెన్ చేతిలో లేకుండా ముందుకి కదలకూడదు, ఒక ముక్కలో ఒకే బండి ఉండాలని. నాన్న చిత్రాన్నం చేత్తోనే చూపిస్తూ పిల్లలకి చెప్పడం మొదలుపెట్టారు. "మా దగ్గర ఇనప బంతి. తోలు సంచీలో పెట్టి బెత్తం రింగుకి కట్టేది. బండి ఆగదు రా నాయనా, పరుగు మీదనే అందుకోవల్ల. చేయి ఇట్లా పెడితే వచ్చి భుజానికి తగులుకుంటాది." చొక్కా చెయ్యి పైకి మడిచి ఏదో పాత మచ్చ కూడా చూపించారు. అది రింగు తగిలిన మచ్చో ఫైర్‌బాక్స్ తలుపు కాలిన మచ్చో ఆయనకే సరిగా గుర్తులేదు. నా పెళ్ళయి పదిహేనేళ్ళు, మా ఆవిడ ఆయన నోట ఇన్ని మాటలు ఒకేసారి వినడం అదే మొదలని తర్వాత చెప్పింది.

సిగ్నళ్ళ దగ్గర కూడా ఒక తమాషా. ఇక్కడ పాత రకం రెక్క సిగ్నళ్ళు రెండు తీర్లవీ ఉన్నాయి. కొన్నిటికి రెక్క కిందికి వాలితే దారి ఇచ్చినట్టు, కొన్నిటికి పైకి లేస్తే దారి ఇచ్చినట్టు. నాన్న చాలాసేపు అదే చూశారు. పైకి లేచే రకం ఎందుకు మంచిదో పిల్లలకి విడమరిచి చెప్పారు: తీగ తెగిపోతే రెక్క తన బరువుకి కిందపడి 'ఆగు' అని చూపిస్తుంది, ప్రమాదం ఉండదు. కిందికి వాలే రకంలో దానికోసం వేరే బరువు కట్టాలి. నేను ఇంజనీరింగ్ చదివాను, నాకిది తెలీదు.

షెఫీల్డ్ పార్క్ ఆఖరి స్టేషన్, ఇంజన్ల షెడ్డు, వర్క్‌షాపు, మ్యూజియం అన్నీ ఇక్కడే. కనీసం రెండు గంటలు ఉంచుకోండి. మ్యూజియంలో పాత టికెట్లు, దీపాలు, నేంప్లేట్లు, అవి అందరూ చూసేవే, పావుగంట చాలు. షాపులో పిల్లలు ఏం అడుగుతారో మీకు తెలుసు, ధర చూసి మీరేం అంటారో అదీ తెలుసు. షెడ్డులోకి వెళ్ళండి.

ముప్పైకి పైగా ఆవిరి ఇంజన్లు ఉన్నాయి వీళ్ళ దగ్గర. కానీ ముప్పై నడుస్తాయనుకుని వెళ్ళకండి. ఏ రోజైనా వేడిగా ఉండేవి కొన్నే. బాయిలర్‌కి పదేళ్ళకొకసారి మొత్తం విప్పి, గొట్టాలు పీకి, పరీక్ష చేసి, మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పనికి లక్షల పౌండ్లు, ఏళ్ళు. కాబట్టి మిగతావన్నీ వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తుంటాయి, ఒకదాని చక్రాలు ఒక పక్క, ఇంకోదాని బాయిలర్ ఇంకో పక్క. కొంతమంది దీన్నే లోటు అంటారు, నడవనివాటిని చూడ్డానికి టికెట్టెందుకని. నాకైతే మెరుగుపెట్టి తాడు కట్టి నిలబెట్టినదానికంటే పొట్ట విప్పి పెట్టిన ఇంజనే ఎక్కువ నచ్చింది, లోపల ఏముంటుందో అప్పుడే కదా తెలిసేది.

ఆ గుంపులో చిన్నవి రెండున్నాయి, టెర్రియర్లు అంటారు. ఫెంచర్చ్ 1872ది, స్టెప్నీ 1875ది. పిల్లల కథల్లో కూడా వచ్చింది కాబట్టి స్టెప్నీ చుట్టూ ఎప్పుడూ పిల్లలే. మనవాళ్ళకి స్టెప్నీ అంటే స్పేర్ టైరు, మావాడు ఆ పేరు చదివి "తాతా, ఇది స్పేర్ ఇంజనా" అని అడిగాడు. దీని రంగు చూడాలి. ముద్ద పసుపు, కాస్త ఆవపిండి కలిసిన పసుపు. పక్కనున్న ఆయన చెప్పిందేంటంటే, 1870ల్లో ఈ రంగు పెట్టిన స్ట్రౌడ్లీ అనే ఇంజనీరు దీనికిచ్చిన పేరు 'ఇంప్రూవ్డ్ ఇంజన్ గ్రీన్'. మెరుగుపరిచిన ఆకుపచ్చ! ఆయనకి రంగులు సరిగా కనపడేవి కావేమో అని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ జోకులేస్తారు. నేను ఇది తెలుగులో చెబితే నాన్నకి ఇందులో నవ్వేందుకేముందో అర్థం కాలేదు. "పచ్చే కదప్పా. ఇదీ పచ్చే, అదీ పచ్చే" అన్నారు. నూటయాభై ఏళ్ళుగా ఇంగ్లీషువాళ్ళు తేల్చుకోలేనిది తెలుగులో అసలు సమస్యే కాదు.

ఇంకొన్ని నిలబడి చూడాల్సినవి. 488 నంబరుది 1885 నాటిది, పొడుగాటి మెడలాంటి చిమ్నీ. ఎర్ల్ ఆఫ్ బర్క్‌లీ అని ఒకటుంది, రెండు రకాల పాత ఇంజన్లలో ఒకదాని చట్రం, ఇంకోదాని బాయిలర్ కలిపి 1938లో కట్టిన బండి, మన ఊళ్ళల్లో పాత లారీ పార్టులతో చేసినట్టు. అన్నిటికంటే వింత బీచీ హెడ్. ఆ ఇంజన్ అసలుది 1958లోనే తుక్కైపోయింది. ఎసెక్స్‌లో ఒక కలప మిల్లులో దానికి సరిపోయే రకం పాత బాయిలర్ దొరికితే, ఆ ఒక్క బాయిలర్ చుట్టూ మిగతా ఇంజనంతా కొత్తగా చేశారు. 2000లో మొదలుపెడితే 2024లో నడిచింది. పాతికేళ్ళు దగ్గర దగ్గర. మొదలుపెట్టినవాళ్ళందరూ పూర్తయ్యేదాకా ఉన్నారో లేదో అని మా నాన్న అడిగారు, నేను ఎవర్నీ అడగలేదు.

వీళ్ళలో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసేవాళ్ళే, వందల మంది. టికెట్ చూసేవాళ్ళు, గార్డు, సిగ్నల్ మనిషి, పెయింటర్, ఇంజన్ మీదున్నవాళ్ళు. హార్స్టెడ్ కేన్స్‌లో పెట్టెల వర్క్‌షాపుంది, బయటి నుంచి చూడ్డానికి దారి ఉంది. ఒకప్పుడు ఎవరి పెరట్లోనో గుడిసెలా పడున్న చెక్క పెట్టెల్ని తెచ్చి, పలక పలకా మార్చి మళ్ళీ రైలు పెట్టె చేస్తున్నారు. ఒక పెద్దావిడ తలుపు చెక్కకి వార్నిష్ వేస్తోంది. ఎన్నో పూత అని అడిగితే లెక్క మర్చిపోయానంది.

ఇప్పుడు అసలు ఘట్టం. షెఫీల్డ్ పార్క్‌లో బండి ఆగాక నాన్న ఇంజన్ పక్కన నిలబడి క్యాబ్‌లోకి చూస్తున్నారు. సేఫ్టీ వాల్వు ఎత్తి ఆవిరి బుస్సుమని పోతోంది. "దండగ. మా ఫోర్‌మన్ అయితే తిట్టేవాడు. ఇది పోయిందంటే ఇంత బొగ్గు పోయినట్టే" అని నాతో గొణిగారు. పైనున్న డ్రైవర్‌కి తెలుగు రాదు కానీ ఆ చూపు అర్థమైనట్టుంది. తెల్ల గడ్డం, మసి పట్టిన నీలం బట్టలు, బ్యాంకులో చేసి రిటైరయ్యాడట. "మీరు రైల్వేనా" అని అడిగాడు. నేను చెప్పేలోపే నాన్న "ఫైర్‌మన్. ఇండియా. మీటర్ గేజ్" అన్నారు. పైకి రమ్మని చెయ్యి చాపాడు.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఇంట్లో మెట్లెక్కడానికి మోకాళ్ళు అంటారు, ఇక్కడ రెండు పక్కలా పిడులు పట్టుకుని చకచకా ఎక్కేశారు. నేను కిందే ఉండిపోయాను. అనువాదం చెయ్యాల్సొస్తుందేమో అని సిద్ధంగా ఉన్నాను, అవసరమే రాలేదు. ఇంజెక్టర్, బ్లోయర్, డాంపర్, రెగ్యులేటర్, గేజ్ గ్లాస్. గుంతకల్లులోనూ ఇవే మాటలు, ఇక్కడా ఇవే. నాన్న వేలు పెట్టి చూపించడం, ఆయన తలూపడం, ఆయన ఏదో తిప్పడం, ఈయన "ఎస్, ఎస్" అనడం. వాల్వు సంగతి కూడా అడిగేశారు. బయల్దేరాక ఎక్కాల్సిన ఎత్తుంది, డెబ్భై ఐదు అడుగులకి ఒక అడుగు లేస్తుంది, దానికోసం ముందే ఆవిరి నిండా పెట్టుకున్నాం అని ఆయన చెప్పాడు. నాన్న ఒక క్షణం ఆగి, "కరెక్ట్" అన్నారు. అంతటితో ఆగక నిప్పు చూస్తానన్నారు. ఫైర్‌బాక్స్ తలుపు తీశారు. కింద నిలబడ్డ నా ముఖానికే సెగ కొట్టింది. నాన్న కళ్ళు చికిలించి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, నిప్పు నాలుగు మూలలా చూశారు, మన ఇంట్లో ఎవరైనా దోసె వేస్తుంటే అవ్వలు పెనం వంక చూస్తారే, అచ్చం అలాగే. తర్వాత టెండర్‌లోంచి, అంటే ఇంజన్ వెనక బొగ్గు మోసే బండిలోంచి, ఒక బొగ్గు పెళ్ళ తీసి, అరచేతిలో అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశారు.

దిగాక నేను అడిగాను, పార ఇస్తే వేసేవాళ్ళా అని. "వేయలేను. నడుం పట్టుకుంటాది" అన్నారు. కాసేపాగి, "మా టిఫిన్ క్యారేజీ ఎక్కడ పెట్టి వేడి చేసుకునేవాళ్ళమో ఆయనకి చూపించినా. వాళ్ళు అదే చోట టీ కూజా పెట్టినారు" అన్నారు.

లోటుపాట్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఖర్చు, ముందే చెప్పాను. ఆరుగురు వెళ్తే గట్టిగానే తగులుతుంది, అయితే టికెట్ రోజంతా చెల్లుతుంది, ఎక్కి దిగి మళ్ళీ ఎక్కొచ్చు, మేం హార్స్టెడ్ కేన్స్‌కి రెండుసార్లు వెళ్ళాం. మీ పిల్లలు వేగం కోరుకునే రకమైతే పాతిక మైళ్ళ బండిలో గంటలోపే విసుక్కుంటారు, మా పెద్దది ఫోన్ తీసింది. చాలా పాత పెట్టెల్లో బాత్రూం ఉండదు, స్టేషన్లోనే పని కానిచ్చుకోండి. ఇంకోటి, బ్లూబెల్ అంటే నీలం పువ్వులు, ఏప్రిల్ చివర్నుంచి మే దాకా లైను పక్కన అడవంతా పరుచుకుంటాయి. మేం వెళ్ళింది జులైలో. పేరుకి తగ్గట్టు చూడాలంటే ఆ రోజుల్లోనే వెళ్ళండి. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర నా చొక్కా కోసం.

తిరుగు ప్రయాణంలో నాన్న కిటికీ పక్కన కూర్చుని మాట్లాడలేదు. ఇంటికొచ్చాక రాత్రి పదకొండింటికి, అంటే అక్కడ తెల్లారుజామున, గుంతకల్లులో ఉన్న తన పాత జోడీకి ఫోన్ చేశారు. ఆయనా ఫైర్‌మనే, ఇద్దరూ ఒకే షెడ్డులో ఒకే ఏడు చేరారు. స్పీకర్ పెట్టుకుని మాట్లాడతారు కాబట్టి ఇల్లంతా వినపడుతుంది. స్టేషన్లూ సొరంగాలూ జీతం లేని డ్రైవర్లూ, నాన్న అన్నీ వరసగా చెప్పుకుపోతుంటే అవతల్నుంచి ఊ కొట్టడం తప్ప ఏమీ లేదు. మొత్తం అయ్యాక ఆయన అడిగింది ఒకటే.

"అంతా సరేలేప్పా, బొగ్గు ఎట్లుండాది?"

మన సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ, దారిలో ఎక్కడో ఒకచోట బండి ఆపి ఫైర్‌బాక్స్‌లోంచి చిట్టెం గడ్డలు గీకి పోసుకోవాల్సొచ్చేదని నాన్న చిన్నప్పట్నుంచీ మాకు చెప్పేవారు. ఇక్కడా బొగ్గు తవ్వడం దాదాపు ఆగిపోయింది, బయటి దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్నామని డ్రైవర్ చెప్పాడు. ఆ సంగతి నాన్న ఫోన్లో ఎత్తలేదు.

"చేతిలో పెట్టుకుని చూసినా," అన్నారు. "ఒక్క రాయి లేదప్పా."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.

"అయితే ఇంకేంలే, ఎవురైనా నడుపుతారు," అన్నాడాయన.